బిడ్డ కనిపించడం లేదంటే...

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళకు మనలో చాలామందికి ఒక సస్పెన్సు కథ ఉండాలి. ఇప్పుడైతే అది టీవీలోనో, ఫోనులోనో వస్తోంది. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్‌గా వచ్చేది. యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్ని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పసిపాప మీద చేతబడి, వచ్చే వారం ఏమవుతుందోనన్న ఆదుర్దా. ఆ నవల మీద రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ పుస్తకమే రాశారు. ఇలాంటి రాతలు మూఢనమ్మకాల్ని పెంచుతాయని ఆవిడ అభ్యంతరం. ఎవరి వాదన వారిది. కథను కథగా చదివి పక్కన పెట్టేవారి గురించి నాకు బెంగ లేదు.

ఆ కథల్లో తంతు మాత్రం ఇవాళ్టికీ మారలేదు. సాయంత్రం ఆడుకోవడానికి వెళ్ళిన పాప ఇంటికి రాదు. ఊరి చివర పాడుబడ్డ గుడి. అమావాస్య రాత్రి. నల్లబట్టలు కట్టుకున్న గుంపు, వాళ్ళకొక గురువు. ఆఖరి నిమిషంలో హీరో గోడ దూకి వస్తాడు. మనం 'అమ్మయ్య' అనుకుని కాఫీ పెట్టుకోవడానికి లేస్తాం.

ఇదే సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో నిజంగా జరిగితే కథ ఇలాగే నడుస్తుందా? మన ప్రాంతంలోనూ, చుట్టుపక్కలా జరిగినవాటిని దగ్గర పెట్టుకుని చూద్దాం. కథల్ని నమ్ముకుని మనం ఎక్కడ వెతుకుతున్నామో, అపాయం ఎటునుంచి వస్తోందో అప్పుడు తెలుస్తుంది.

ముందు పుకారు సంగతి చెబుతాను. 2018 మే నెల గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే గోల. ఎక్కడివో ఫొటోలు, ఎప్పటివో వీడియోలు. చూసినవాళ్ళం చూసినట్టే అక్కకూ, వదినకూ, పుట్టింటివాళ్ళకూ పంపించాం. 'జాగ్రత్త కోసమే కదా' అనుకున్నాం. ఆ జాగ్రత్త ఏం చేసిందో వినండి. బీబీనగర్ మండలంలో ఒక పల్లెకు వచ్చిన హైదరాబాదు ఆటోడ్రైవర్‌ను పిల్లల దొంగ అనుకుని కొట్టి చంపారు. అదే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ అదే అనుమానానికి బలైపోయింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్ళు అయిదుగురు హతమయ్యారు. మరో రెండు వారాలకు హైదరాబాదు కుర్రవాళ్ళు కొందరు బీదర్ వైపు షికారుకు వెళ్ళి, దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచారు. ముద్దొచ్చి ఇచ్చిన చాక్లెట్లే మీదికి వచ్చాయి. ఊరివాళ్ళు వెంటబడి కొట్టిన దెబ్బలకు ఒకతను ప్రాణం వదిలాడు. వీళ్ళలో ఎవరూ ఏ తల్లి బిడ్డనూ ఎత్తుకుపోలేదు.

అదే రోజుల్లో గద్వాల జిల్లా ఎస్.పి.గా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఒక పని చేశారు. కానిస్టేబుళ్ళను పల్లె పల్లెకూ పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, 'ఇది అబద్ధం, నమ్మకండి, అనుమానం ఉంటే మాకు చెప్పండి' అని ప్రచారం చేయించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణం పోలేదు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతాన్ని ఫోనులో ఇంటింటికీ మోసుకెళ్ళేది మన వేళ్ళే. ఇకమీదట అలాంటి సందేశం వస్తే ఇంకొకరికి పంపకండి. మన పోలీసు స్టేషనుకు ఫోను చేసి అడగండి. అంతకంటే ఎక్కువ జాగ్రత్త ఏమీ అక్కర్లేదు.

మరి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు లేనే లేరా అంటారా? ఉన్నారు. వాళ్ళు తెలియనివాళ్ళే అయ్యుండాలన్న నియమం మాత్రం లేదు. 2020 అక్టోబరులో మహబూబాబాద్‌లో ఒక తొమ్మిదేళ్ళ బాబును ఇంటి దగ్గర్నుంచి బండి మీద ఎక్కించుకు వెళ్ళినవాడు ఎవరో కాదు, ఆ కుటుంబానికి తెలిసినవాడే. డబ్బు కావాలని ఫోన్లు చేస్తూ వచ్చాడు. ఆ తల్లిదండ్రులు డబ్బు కూడగట్టుకుంటున్న సమయానికే బిడ్డ ప్రాణాలతో లేడు. కొద్ది వారాలకే, దీపావళి పండుగ రోజుల్లో సూర్యాపేటలోనూ ఒక చిన్న పిల్లవాణ్ణి డబ్బు కోసం ఎత్తుకెళ్ళారు. ఆ బాబును మాత్రం పోలీసులు కొద్ది రోజుల్లోనే క్షేమంగా తెచ్చి ఇంటికి అప్పగించారు.

మన పిల్లలకు మనం ఏం నేర్పుతాం? 'తెలియనివాళ్ళతో మాట్లాడకు' అంటాం. సరే. 'తెలిసిన అంకుల్ బండెక్కమంటే?' అని బిడ్డ అడిగితే ఏం చెబుతాం? మా వీధిలో ఒకావిడ చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. ఇంట్లో ఒక రహస్యపు మాట పెట్టుకున్నారు. ఆ మాట చెప్పనిదే, మేనమామ వచ్చి పిలిచినా పిల్లవాడు కదలడు. మొదట్లో మేనమామకు కోపం వచ్చిందట, తర్వాత ఆయనే తన ఇంట్లోనూ అది పెట్టారట. ఖర్చు లేని పని, మీరూ చెయ్యండి.

ఇక మూడో సంగతి. ఇందులో పిల్లలు తప్పిపోరు, వీధిలో వెతుకులాట ఉండదు, ఏ స్టేషనులోనూ ఫిర్యాదు ఉండదు. అయినా బిడ్డ మాయమవుతుంది. 1999లోనూ, 2001లోనూ దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల పేరు పత్రికల్లో మారుమోగింది. ఆడపిల్ల పుట్టిందంటే, ఇద్దరి తర్వాత మూడో పిల్ల అంటే, బ్రోకరు గుమ్మంలో దిగేవాడు. తల్లి చేతిలో కాస్త డబ్బు పెట్టి పసికందును హైదరాబాదు చేర్చేవాడు. అక్కడినుంచి దత్తత పేరుతో విదేశాలకు. తల్లికి దక్కింది పిడికెడు, మధ్యవాళ్ళు మూటలు కట్టుకున్నారు. గొడవ బయటపడ్డాక కొన్ని సంస్థల మీద కేసులు పెట్టి, పిల్లల్ని ప్రభుత్వ శిశువిహార్‌కు తరలించారు.

అది పాత కథ అనుకుంటున్నారేమో. 2018 జూలై ఆఖరున యాదగిరిగుట్టలో వ్యభిచార గృహాల నుంచి 11 మంది ఆడపిల్లల్ని పోలీసులు విడిపించారు. వాళ్ళలో ఏడేళ్ళు నిండని పసివాళ్ళూ ఉన్నారు. తొందరగా ఎదగాలని ఇంజక్షన్లు చేయించేవారని తెలిసినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. లక్షల మంది భక్తులు వచ్చిపోయే ఊరది. 2024 మేలో హైదరాబాదు శివారు మేడిపల్లిలో బయటపడిన ముఠా ఢిల్లీ, పుణెల నుంచి పసికందుల్ని తెచ్చి లక్షా ఎనభై వేల నుంచి అయిదున్నర లక్షల దాకా అమ్మింది. 2025 మేలో మన సూర్యాపేట పోలీసులే అలాంటి మరో ముఠాను పట్టుకున్నారు.

కొన్నవాళ్ళు రాక్షసులా అంటే కాదు. చాలామంది పిల్లలు లేక పదేళ్ళు గుళ్ళ చుట్టూ, ఆస్పత్రుల చుట్టూ తిరిగిన మనబోటి ఇల్లాళ్ళే. 'ఎవరో వద్దనుకున్న బిడ్డ కదా, మనం పెంచుకుంటే పుణ్యమే కదా' అని వాళ్ళకు నచ్చజెబుతారు. అమ్మడమే కాదు, కొనడమూ నేరమే. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం అయిదేళ్ళ దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. అంతకంటే పెద్ద శిక్ష ఇంకొకటుంది. పెంచుకున్న బిడ్డ 'అమ్మా' అని పిలిచే వేళకు పోలీసులు వచ్చి తీసుకుపోతారు. ఆ గుండెకోత ఎవరికీ వద్దు. దత్తతకు కారా అనే కేంద్ర సంస్థ వద్ద పేరు నమోదు చేసుకుంటే ఆలస్యమైనా చట్టబద్ధంగా బిడ్డ వస్తుంది. పెంచలేని తల్లికీ దారి ఉంది. బాలల సంక్షేమ సమితి దగ్గర బిడ్డను అప్పగించవచ్చు, మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువూ ఉంటుంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయో, ఆమె చెల్లెలో అలాంటి ఇబ్బందిలో ఉంటే ఈ మాట చెప్పండి. బ్రోకరు చెప్పేలోగా మీరే చెప్పండి.

ఇప్పుడు గురువులు, మంత్రాలు, పూజల సంగతి. సస్పెన్సు కథల్లో వీళ్ళే కదా విలన్లు!

2021 ఏప్రిల్‌లో మన సూర్యాపేట జిల్లా మోతె మండలంలో ఏడాది కూడా నిండని ఆడబిడ్డ కన్నతల్లి చేతిలోనే చనిపోయింది. తనకు సర్పదోషం ఉందనీ, అది పోవాలంటే బలి ఇవ్వాలనీ ఆ తల్లి నమ్మిందని కేసులో తేలింది. 2025 ఏప్రిల్‌లో సూర్యాపేట కోర్టు ఆమెకు మరణశిక్ష విధించింది. కింది కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు పరిశీలించాలి గనుక న్యాయం సంగతి న్యాయస్థానాలు చూస్తాయి. మనం చూడవలసింది మరొకటుంది. అక్కడ పాడుబడ్డ గుడి లేదు. ముసుగు మనుషులు లేరు. నాలుగు గోడల మధ్య ఒక ఇల్లు, ఒక పడుచు తల్లి, పూజలూ దోషాలూ చూపించే ఫోను. అంతే.

ఏ హీరో గోడ దూకి రాలేదు. రాగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే అది ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు. ఇలాంటి ఘోరాలు ఒక్కరోజులో పుట్టవు. నిద్ర పట్టదు. తిండి సహించదు. గంటల తరబడి పూజలో కూర్చుంటారు. ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు చెబుతారు. బిడ్డ వల్లే కష్టాలు వచ్చాయంటారు. బాలింతల్లో కొందరికి మతి చలించే జబ్బు వస్తుందనీ, వెంటనే వైద్యం చేయిస్తే తగ్గుతుందనీ డాక్టర్లు చెబుతారు. మనమేమో దానికి గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో పేరు పెట్టి తాయెత్తు కట్టిస్తాం. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోనివ్వండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళడం మాత్రం మానకండి. అలాంటి మనిషి దగ్గర పసిబిడ్డను ఒంటరిగా వదలకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం 14416 అనే నంబరు పెట్టింది. దాన్ని టెలి మానస్ అంటారు. మనసు బాగోలేదని ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

ఇక నిజంగా మందను పోగేసుకునే గురువులు. 2017 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆదేశం మీద రోహిణి ప్రాంతంలోని ఒక ఆశ్రమం తలుపులు తెరిపించారు. ఇనుప కటకటాలు, తాళాలు, వాటి వెనక ఆడవాళ్ళు. దాదాపు నలభై మంది మైనరు ఆడపిల్లల్ని అక్కడి నుంచి బయటికి తెచ్చారు. వాళ్ళను ఎవరూ వీధిలో నోరు మూసి ఎత్తుకుపోలేదు. చాలామందిని ఇంట్లో పెద్దలే భక్తితో తీసుకెళ్ళి వదిలారు. తరువాతి సంవత్సరాల్లో ఆ ఆశ్రమం విషయమై కోర్టు మెట్లెక్కినవారిలో తెలుగు తల్లిదండ్రులూ ఉన్నారు. బాగా చదువుకున్న వాళ్ళమ్మాయి అక్కడ ఉండిపోయింది. మేజరైన మనిషి, 'నా ఇష్టంతోనే ఉన్నాను' అంది. ఇక కోర్టు మాత్రం ఏం చేస్తుంది? చదువు ఉన్నంత మాత్రాన ఈ జబ్బు అంటదనుకోకండి.

భక్తి వేరు, ఇది వేరు. గుడికి వెళ్ళిన మనిషి గంటలో ఇంటికి వస్తుంది. దేవుడు తల్లినీ తండ్రినీ వదిలెయ్యమనడు. మీ ఇంటికి వచ్చే స్వామి ఎవరైనా సరే, నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాట మీ ఆయనకు చెప్పొద్దంటున్నాడా? చుట్టాలతో రాకపోకలు మానమంటున్నాడా? డాక్టరు ఇచ్చిన మందులు మానెయ్యమంటున్నాడా? బిడ్డను ఒక్కదాన్నే తన దగ్గర వదిలి వెళ్ళమంటున్నాడా? నాలుగింటిలో ఒక్కదానికి 'అవును' అని జవాబు వచ్చినా ఆయన్ని గుమ్మం దాటనివ్వకండి. హత్యకూ, మోసానికీ ఉన్న చట్టం మంత్రం పేరు చెబితే మారదు. మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దభోల్కర్ గారు పుణెలో తుపాకి గుళ్ళకు బలైన తర్వాత, నరబలి, చేతబడి వంటి దురాచారాల మీద ప్రత్యేకంగా చట్టం చేసింది. 2017లో కర్ణాటక కూడా చేసింది.

చివరిగా, అసలు మాట. ఇంత జాగ్రత్తపడ్డా బిడ్డ కనిపించకుండా పోతే?

మన ఊళ్ళ నైసర్గికం ఒకసారి తలుచుకోండి. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీదివే. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్. మిర్యాలగూడలో రైలెక్కితే ఇటు గుంటూరు, అటు సికింద్రాబాదు. మనం చుట్టాల ఇళ్ళకు ఫోన్లు చేసుకుంటూ కూర్చునే రెండు గంటల్లో బిడ్డ రాష్ట్రం దాటిపోవచ్చు. '24 గంటలు ఆగి రండి' అని ఎవరన్నా ఒప్పుకోకండి. 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు తప్పిపోయారన్న ఫిర్యాదు వస్తే వెంటనే ఎఫ్.ఐ.ఆర్. రాయాలి, ఎవరో ఎత్తుకెళ్ళి ఉంటారన్న ఉద్దేశంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలి. 'మా స్టేషను పరిధి కాదు' అనడానికీ వీల్లేదు. ఏ స్టేషనులోనైనా రాయించుకోవచ్చు. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ మాట కూడా చేర్చారు. పిల్లల కోసం 1098, పోలీసులకు 112. ఈ రెండు నంబర్లూ క్యాలెండరు మీద రాసి వంటింట్లో తగిలించండి.

జాతరల్లో మరింత జాగ్రత్త కావాలి. దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్ళకొకసారి లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది వస్తారు. ఆ జనంలో చెయ్యి వదిలితే పెద్దవాళ్ళమే తప్పిపోతాం. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. ఇంకొకటి. తప్పిపోయిన పిల్లల్ని 'మీ అమ్మ పేరేమిటి?' అని అడిగితే 'అమ్మ' అంటారు. ఇవాళే కూర్చోబెట్టి మీ పేరు, వాళ్ళ నాన్న పేరు, ఊరు పేరు వల్లె వేయించండి.

ఆరు నెలలకొకసారి పిల్లలకు ఎదురుగా నిలబెట్టి, మొహం స్పష్టంగా కనిపించేలా ఒక ఫొటో తీసి ఉంచండి. ఎందుకంటారా? తెలంగాణ పోలీసులు 2018లో దర్పణ్ అనే ఏర్పాటు చేశారు. తప్పిపోయిన పిల్లల ఫొటోలనూ, దేశంలోని ఆశ్రయ గృహాల్లో ఉన్న పిల్లల ఫొటోలనూ కంప్యూటరు పోల్చి చూస్తుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లో తప్పిపోయిన ఒక పిల్లవాడు ఎక్కడో అస్సాంలోని బాలల గృహంలో పెరుగుతున్నాడు. 2020లో ఇక్కడి మన పోలీసుల కంప్యూటరు ఆ రెండు ఫొటోలనూ కలిపింది. అయిదేళ్ళ తర్వాత ఆ తల్లి బిడ్డను చూసుకుంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో స్టేషన్లలో, హోటళ్ళలో, ఇటుక బట్టీల్లో పిల్లల్ని వెతికి తెస్తున్నారు. మీ వీధి హోటల్లో కప్పులు కడిగే పిల్లవాడు ఎవరి బిడ్డో ఎప్పుడైనా అడిగారా? అడగండి. సరైన జవాబు రాకపోతే 1098కి చెప్పండి. మీ పేరు బయటకు రాదు.

సస్పెన్సు కథలు మానమని నేను చెప్పడం లేదు, హాయిగా చదువుకోండి. కానీ పుస్తకం మూసి లేచేటప్పుడు చుట్టూ ఒకసారి చూడండి. పక్కింట్లో బాలింత నాలుగు రోజులుగా తలుపు తీయడం లేదేమో. పనమ్మాయి చెల్లెలి పసిబిడ్డ ఉన్నట్టుండి 'చుట్టాలింటికి' వెళ్ళిందేమో. ఒకసారి తలుపు తట్టండి, 'ఏమ్మా, ఎలా ఉన్నావ్? బిడ్డేదీ?' అని అడగండి. అంతకుముందే ఎవరో ఒకరు ఆ మాట అడిగి ఉంటే కొందరు పిల్లలు ఇవాళ బడికి వెళ్తూ ఉండేవారు.